మెట్టెలకు సరిపోయిన పెడళ్ళు

సుబేదారి సిగ్నల్ దగ్గర నేను సైకిల్ మీదనుంచి పడింది ఒక మంగళవారం పొద్దున. నన్నెవరూ గుద్దలేదు, నేనూ ఎవరినీ గుద్దలేదు. ఎర్రదీపం పడితే బుద్ధిగా ఆగాను. కాలు కింద పెట్టబోతే అది పెడల్ నుంచి ఊడి రాలేదు. నిలబడ్డ సైకిల్ నెమ్మదిగా ఎడమపక్కకు ఒరుగుతుంటే, చుట్టూ ఉన్నవాళ్ళంతా చూస్తుండగా, నేనూ దానితోపాటే ఒరిగిపోయాను. పక్క ఆటోలోంచి ఒకామె దిగి లేపింది.

"గీ వయసుల నీకెందుకమ్మా ఇది" అంది, నా మోచేతికి అంటిన మట్టి దులుపుతూ.

ఆమె చేతులకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. మాటకు మాత్రం పెట్టను.

నాకు నలభై నాలుగేళ్ళు. బజార్లో మాది బట్టల దుకాణం. ఈ గేర్ల సైకిల్‌ను మా ఆయన తన షుగర్ తగ్గించుకుందామని, బదిలీ మీద ఊరు వదిలిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర కొన్నాడు. నాలుగు రోజులు తొక్కాడు. ఆ తర్వాత అది మెట్ల కింద నిలబడి దుమ్ము తింటుంటే జాలేసి తుడిచాను. తుడిచినదాన్ని తొక్కకుండా ఉండలేకపోయాను. గుడికి, కూరగాయలకు, చుట్టాలిళ్ళకు దాని మీదే పోవడం మొదలైంది. ఆదివారాలు పది పన్నెండు మందితో కలిసి ఊరవతల గుట్టల మీది మట్టిదారుల్లోకి కూడా. ఈ వయసులో నా ఊపిరికి ఇంత బలమిచ్చిన దేవుడికి రోజూ దీపం వెలిగించేటప్పుడు ఆ ఒక్క సంగతీ విడిగా చెప్పుకుంటాను.

మా ఆదివారం గుంపును నడిపించే తమ్ముడు బ్యాంకులో పనిచేస్తాడు. మంచివాడు. గుట్ట దిగేటప్పుడు రాళ్ళ మీద నా కాళ్ళు పెడళ్ళ మీదనుంచి ఎగిరిపోతున్నాయని చూసి, తన పాత క్లిప్ పెడళ్ళు తెచ్చి నా సైకిల్‌కు బిగించాడు. బూటు అడుగున ఒక ఇనుప ముక్క ఉంటుంది, అది పెడల్‌లోకి టక్కున పోయి కూర్చుంటుంది. విడిపించుకోవాలంటే మడమను బయటికి తిప్పాలి.

"రెండు దినాలల్ల అలవాటైతదక్కా, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు.

చిక్కంతా బూట్ల దగ్గర వచ్చింది. వాటి ముందుభాగం సన్నం. నా కాలివేళ్ళకు మెట్టెలున్నాయి. తొడిగి నాలుగడుగులు వేస్తే వెండి వేలిలోకి దిగింది.

"మెట్టెలు తీసి జేబుల ఏసుకోండ్రక్కా. రెండు గంటలే గదా."

"తియ్య తమ్మీ" అన్నాను.

పెళ్ళినాడు సన్నికల్లు మీద పాదం పెట్టించి తొడిగిన మెట్టెలవి. పురుళ్ళప్పుడు కూడా తియ్యలేదు. నా భక్తి నోటితో చెప్పేది తక్కువ. ఒంటిమీద ఉన్నది ఇంతే, దీన్ని జేబులో వేసుకోదలచుకోలేదు. అతనితో వాదించకుండా ఒకటిన్నర సైజు పెద్ద బూట్లు తెచ్చుకున్నాను. వేళ్ళు హాయిగా పట్టాయి. గెలిచాననే అనుకున్నాను. మంగళవారం సిగ్నల్ దగ్గర పడ్డది ఆ బూట్లతోనే.

రెండు వీధుల అవతల ఉండే మా ఆడబిడ్డకు ఆ కబురు నాకంటే ముందు చేరింది. నేను మోచేతికి పసుపు అద్దుకుంటుండగా వచ్చి కూర్చుంది.

"బజార్ల పడ్డవట. చీరె కట్టుకొని గుడికి నడిస్తే కాళ్ళు అరుగుతయా? మెట్టెలేసుకున్న ఆడిదానికి సైకిలేందో, నాకైతే తెల్వది."

"మెట్టెలకూ సైకిల్‌కూ ఏం పంచాయితి వదినా?"

"ఉన్నది గాబట్టే గదా పడ్డవ్."

మా ఆయన ఆమెను గడపదాకా సాగనంపాడు. ఆమె వెళ్ళాక, నా మొహం చూడకుండా అన్నాడు: "మన బజార్ల ఒకాయన సైకిల్ అడుగుతాండు. సోమవారం వచ్చి చూస్తడట. ఇచ్చేద్దాం. నీకేమన్న అయితె?"

ఆయనది భయమే, నాకు తెలుసు. కోపమైతే కోపంతోనే జవాబు చెప్పేదాన్ని. "ఆదివారం గుట్టకు పోయి పడకుంట వస్త. పడితే మీ ఇష్టం, అమ్మేయండ్రి. పడకపోతే ఆ మాట మల్ల ఎత్తొద్దు" అన్నాను. సరేనన్నాడు. నా చేతిలో నాలుగు రోజులున్నాయి.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు ఆయాసం. నెక్కొండలో మా నాన్న కిరాణా కొట్లో తన పక్కన కూర్చోబెట్టుకుని చదువు చెప్పాడు. లెక్క తప్పితే పలక తుడవనిచ్చేవాడు కాదు. ఎక్కడ తప్పిందో ఒక్కొక్క వరుస వెనక్కి చూసుకుంటూ పొమ్మనేవాడు. బడి లేకపోయినా ఆ ఓపిక దొరికింది, అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను. ఆ మధ్యాహ్నం అదే చేశాను. సైకిల్‌ను గోడకు ఆనించి, బూట్లు తొడుక్కుని, క్లిప్‌లో కాలు ఇరికించి మడమ తిప్పాను. మడమ తిరిగింది. బూటు తిరగలేదు. మళ్ళీ తిప్పాను. పెద్ద బూటు లోపల నా మడమ ఒక్కటే అటూ ఇటూ ఈదుతోంది.

అదీ సంగతి. నేను పడ్డది వయసువల్ల కాదు, ఆడదాన్ని కాబట్టీ కాదు. మెట్టెల కోసం ముందు వదిలిన చోటు వెనక మడమ దగ్గర నన్ను పడేసింది. కాలు ఇంకా క్లిప్‌లోనే ఉంది, నేను గోడ పట్టుకుని నవ్వుతున్నాను. నవ్వు ఆగాక చేతులు కడుక్కుని, దేవుడి ముందు ఒక్క క్షణం నిలబడి వచ్చాను.

మెట్టెలు తీసి తొక్కమన్నాడు గుంపు తమ్ముడు. మెట్టెలుంటే తొక్కొద్దంది మా ఆడబిడ్డ. ఒకరి మొహం ఒకరు ఎరగని ఇద్దరూ నాకు చెప్పింది ఒకటే మాట, రెంట్లో ఒకటి వదులుకోమని. వదిలెయ్యాల్సింది ఆ పెడళ్ళనేనని నాకు అనిపించింది.

మర్నాడు వరంగల్ వైపు ఒక పాత సైకిల్ దుకాణానికి పోయాను. అక్కడి కాకా క్లిప్ పెడళ్ళను చూసి కళ్ళద్దాలు పైకి జరిపాడు.

"గియ్యి ఎవలు వెట్టిచ్చిన్రు బిడ్డా? నువ్వేమన్న పందెం తొక్కుతవా?"

"లేదు కాకా. పొద్దుగాల గుడికి, కూరగాయలకు. ఆదివారం గుట్టకు. కాలు ఎప్పుడంటె అప్పుడు కింద పెట్టరావాలె. రాళ్ళ మీద మాత్రం జారొద్దు."

"అమ్మో, అన్నీ గావాల్నా" అంటూనే పెట్టెలు దించాడు. పాతకాలం రబ్బరు పెడళ్ళు మెత్తగానే ఉన్నాయి. కానీ కూరగాయల మార్కెట్ బురద అంటిన చెప్పుతో తొక్కి చూస్తే సర్రున జారింది. ఇనుప పండ్లున్నవి బాగా పట్టాయి, ఎంతగానంటే పలచటి చెప్పు అడుగున గుచ్చుకున్నాయి. ఒకపక్క క్లిప్, ఇంకోపక్క చదును ఉన్నవి కూడా చూపించాడు. ఆగి మళ్ళీ కదిలే ప్రతిసారీ ఏ పక్క పైకి వచ్చిందో వంగి చూసుకోవాలి. సిగ్నల్ దగ్గర నాకు అంత తీరికెక్కడిది?

చివరికి వెడల్పాటి నైలాన్ పెడళ్ళు తీశాడు. నా పాదం సగానికి పైగా పట్టేంత చదును, దాని మీద కందిగింజంత బొడిపెలు. వెనక పట్టీ ఉన్న చెప్పుతో నొక్కి చూశాను, జారలేదు. ముందు వెడల్పుగా ఉన్న గుడ్డబూటుతో నొక్కి చూశాను, గుచ్చలేదు. వేళ్ళకు చోటుంది, మెట్టెలకూ ఉంది.

"కాలు ముందటి మెత్త మీద పెట్టి తొక్కు. గుట్ట దిగేటప్పుడు మడమ జర కిందికి వంచు. ఇగ కాలు ఎగిరితె నన్నడుగు" అన్నాడు కాకా, ఎడమ పెడల్‌ను ఎదురుదిక్కుకు తిప్పి బిగిస్తూ. అవి బిగించాక చేత్తో తాకి కళ్ళకద్దుకున్నాను. కాలు మోపేదాన్ని ముందు క్షమించమని అడగడం నాకు అలవాటు. కాకా నవ్వలేదు. తన పానాను తానూ అలాగే అద్దుకుని పక్కన పెట్టాడు.

ఆదివారం గుంపు తమ్ముడు నా పెడళ్ళను చూసి నిరాశపడ్డాడు. గుట్ట ఎక్కాం. దిగేటప్పుడు గులకరాళ్ళ మలుపు దగ్గర ముందు చక్రం పక్కకు జారింది. టక్కున కాలు కింద పెట్టాను. ఇంకో రెండు చోట్ల కూడా పెట్టాను.

"అట్ల మాటిమాటికి కాలు వెడితె రైడింగ్ గాదక్కా."

"కాలు వెట్టెటందుకే ఇవి తెచ్చుకున్న తమ్మీ. మీరు ముందట నడువుండ్రి, నేనొస్త."

అతను ముందుకు పోయాడు. అందరికంటే చివర దిగాను, మొత్తం దారి తొక్కే దిగాను. మూడోసారి కాలు పెట్టినప్పుడు పెడల్ వెనక్కి తిరిగి పిక్కను గీరింది. రక్తం కారింది. తుడిస్తే ఆగేదే, కానీ ఇంటికి వెళ్ళేదాకా తుడవలేదు. దాచి గెలవడం ఇష్టం లేదు నాకు.

గడపలో మా ఆడబిడ్డ కూర్చుని ఉంది. "సూడు తమ్మీ, మల్ల పడ్డది" అంది మా ఆయనతో.

"పడలే వదినా. గీరుకున్నది."

"రక్తమొచ్చినంక పడుడేంది, గీరుకునుడేంది?"

"కత్తిపీటకు వేలు తెగితె కూర కోసుడు బంద్ పెట్టినమా? కొంగు మంటకంటుకుంటే వంట మానినమా? అప్పుడెవ్వరు అమ్మేద్దామనలే. పడలేదు, పడలేదంటే పడలేదు. సైకిల్ ఇచ్చేది లేదు."

నా గొంతు అంత గట్టిగా ఆ ఇంట్లో అంతకుముందు వినిపించిందో లేదో నాకు గుర్తులేదు. మా ఆడబిడ్డ నా కాళ్ళవైపు చూసింది. మట్టికొట్టుకున్న వేళ్ళకు మెట్టెలు అలాగే ఉన్నాయి. లేచి, "జర మందన్న పూసుకో" అని వెళ్ళిపోయింది. ఆ మాటకూ ఆమెకు రుణపడే ఉన్నాను.

మా ఆయన నా పిక్క కడిగాడు. మందు పూస్తూ, రెండో చేత్తో ఫోన్ తీసి బజారాయనకు కలిపాడు.

"అన్నా, రేపు రాకు. సైకిల్ ఇచ్చేది లేదు. ఏం లేదన్నా, తొక్కేటోళ్ళున్నరు ఇంట్ల."