సుద్దముక్కలు పడని రోజు

నందిగామ రీడింగ్ రూములో ప్రపంచాన్ని కాపాడే పని సాయంత్రం అయిదున్నరకి మొదలయ్యేది. బడి వదిలాక టీచర్లం నలుగురం, తాలూకా ఆఫీసు గుమాస్తాలు ఇద్దరు, ఒక ప్లీడరు గారు ఆ పొడుగు బల్ల చుట్టూ చేరేవాళ్ళం. ఉన్న ఒక్క పేపర్నీ కాయితం కాయితంగా పంచుకుని చదివి, ఆపైన పోట్లాడుకునేవాళ్ళం. అరవైల మధ్యలో, పొరుగు దేశం బాంబు పేల్చిన రోజులవి. మనమూ చెయ్యాల్సిందేనని ప్లీడరు గారు, చేస్తే అన్నం ఎవరు పెడతారని మా హెడ్మాస్టారు. అప్పటికే పెద్ద దేశాలు కొన్ని బాంబుల్ని గాలిలో పేల్చడం మానేసి, భూమిలో పాతి పేల్చుకుంటామని ఒప్పందం రాసుకున్నాయి.

"పాతి పేలిస్తే ఎంత పెద్దదో పక్క దేశం వాడికెట్టా తెలుస్తుందండీ?" అని ఒక గుమాస్తా అడిగాడు.

నేను సైన్సు మాస్టర్ని. జేబులో ఎప్పుడూ సుద్దముక్కలుండేవి. ఒకటి నిండుగా, ఒకటి ముప్పాతిక, ఒకటి సగం, ఒకటి పాతిక, ఇలా విరిచి బల్ల మీద వరసగా నిలబెట్టాను. నేను ఇటు చివర కూర్చుని, గుమాస్తాని అటు చివర చిన్నగా గుద్దమన్నాను. పొడుగు ముక్క ఒక్కటే పడింది. గట్టిగా గుద్దమన్నాను. సగం ముక్క దాకా పడ్డాయి. "గుద్దిన చెయ్యి మనకి కనపడక్కర్లేదు. ఏ ముక్క పడిందో చూస్తే చాలు," అన్నాను. అందరూ ఆహా అన్నారు. ప్లీడరు గారు టీ తెప్పించారు. అనుమానం వచ్చినప్పుడు వెళ్ళి చూసి రావడానికి ఆ దేశాలు ఒప్పుకోవడం లేదని ఎవరో అంటే, నేను ఇంకాస్త పైకెక్కి, "ముందే కబురు పెట్టి వచ్చే తనిఖీ కూడా ఒక తనిఖీయేనా?" అని అడిగాను. ఆ పూట దొరికిన మెప్పు నన్ను చెడగొట్టింది. ఇది తర్వాత తెలిసిన సంగతి కాబట్టి ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను.

మాది జగ్గయ్యపేటకి రెండు మైళ్ళలో ఒక ఊరు. ఊరు అనకూడదు, ఊరికి ఎడంగా ఉన్న పేట. ముప్పై గడపలు, ఒక చిన్న ప్రార్థన మందిరం, పక్కన సున్నపురాయి క్వారీ. క్వారీ కంట్రాక్టరు ఊళ్ళో పెద్ద రైతు. పేటలో సగం మంది మగవాళ్ళు అతని దగ్గర పనిచేసేవాళ్ళు. మా నాయన రాతిలో రంధ్రాలు దొలిచి, మందు కూరి, వత్తి వెలిగించే పని చేసేవాడు. మధ్యాహ్నం పన్నెండుకి విజిల్ వేసేవారు. వెలిగించినవి తొమ్మిదైతే తొమ్మిది చప్పుళ్ళూ లెక్కపెట్టుకున్నాకే క్వారీలో కాలుపెట్టాలి. రెండు ఒక్కసారే పేలితే చెవి మోసపోతుంది. అందుకని నాయన బోర్లా పడుకుని అరచెయ్యి నేలకి ఆనించి లెక్కపెట్టేవాడు. సెలవు పెట్టి ఇంట్లో ఉన్న రోజున కూడా, పన్నెండయ్యేసరికి వాకిట్లో చెయ్యి ఆనించి, "ఏడు. ఒకదాంట్లో మందెక్కువైంది," అనేవాడు. సాయంత్రం వచ్చిన వాళ్ళని అడిగితే అంతే అయ్యేది.

పేటలో నుయ్యి ఉండేది. నేను హైస్కూల్లో చదివే రోజుల్లో క్వారీ పనివాళ్ళే ఆదివారాలు ఆరాధన అయ్యాక తవ్వుకున్నారు. రెండు వేసవులు పట్టింది. అంతకు ముందు మా ఆడవాళ్ళు ఊరి నూతి దగ్గరికి వెళ్ళి, ఎడంగా బిందెలు పెట్టుకుని, ఊళ్ళో వాళ్ళెవరైనా వచ్చి పైనుంచి నీళ్ళు పోసేదాకా నిలబడేవాళ్ళు. చేద ముట్టుకోకూడదు. దయగలవాళ్ళు వస్తే ఒక గంట, లేకపోతే పొద్దెక్కేదాకా. మా నూతిలో మొదటిసారి నీళ్ళు పడ్డ రోజు మా అమ్మ ఒకే పూట పదకొండు బిందెలు తోడి, పెట్టుకోవడానికి చోటు లేక వాకిట్లో పారబోసింది. మా అమ్మ నవ్వు నేను అంత పెద్దగా ఎప్పుడూ వినలేదు.

సిమెంటుకి గిరాకీ పెరిగాక కంట్రాక్టరు మందు పెంచాడు. ఇళ్ళ గోడలు నెర్రెలు విచ్చాయి. మందిరం గోడకి చెయ్యి పట్టే సందు పడింది. అవి పూడ్చుకోవచ్చు. నూతి లోపలి రాతికట్టులో రాళ్ళు వదులై ఒకటొకటే నీళ్ళలో పడడం మొదలైంది. కంట్రాక్టరుని అడిగితే, మందు ఎప్పటిలాగే వేస్తున్నామనీ, కట్టడం చేతకాక కట్టిన నుయ్యి కూలుతోందనీ అన్నాడు.

నేను శనివారం బస్సులో వచ్చాను. ఆదివారం ఆరాధన తర్వాత మందిరంలోనే కూర్చుని ఏం చెయ్యాలా అని మాట్లాడుకున్నారు.

"పని ఆపేద్దాం. నాలుగు రోజులు రాయి కదలకపోతే వాడే వత్తాడు," అన్నాడు ఒక కుర్రాడు.

"నాలుగు రోజులు నీ పొయ్యి ఎట్టా ఎలుగుద్దిరా?" అన్నాడు పెద్దాయన ఒకాయన. "బతిమాలుకుందాం. కాళ్ళు పట్టుకుందాం."

మా అమ్మ వెనకనుంచి లేచింది. "కాళ్ళు పట్టుకునేది మీరైతే నీళ్ళకి నిలబడేది మేమా? నుయ్యి పోతే మేం మళ్ళీ ఆడికి పోవాల. నేను పోను."

అప్పుడు నేను నోరు విప్పాను. గనుల ఆఫీసుకి అర్జీ పెడదామన్నాను. మందు ఎంతో అతను చెప్పక్కర్లేదు, మనమే కొలిచి చూపిద్దామన్నాను. మందిరం గచ్చు మీద పలక పెట్టి సుద్దముక్కలు నిలబెట్టాను. సోమ, మంగళ, బుధ, మూడు రోజులు సెలవు పెట్టి చూశాను. మూడు రోజులూ సగం ముక్క దాకా పడ్డాయి. పాతిక ముక్క ఒక్కటే నిలబడింది. పేటంతా వచ్చి వింతగా చూసింది. నాయన కూడా సాయంత్రం వచ్చి చూసి, "బానే ఉందబ్బాయ్. మూడు రోజులూ మందు ఎంతెంత కూరానో నన్నడిగితే చెప్పేవోణ్ణిగా," అన్నాడు.

నేను ఆ మాట చెవిన వేసుకోలేదు. అబద్ధం ఎందుకు, వేసుకున్నాను. అర్జీ ఇంగ్లీషులో రాస్తున్నాను. క్వారీ కూలీ అయిన మా తండ్రి చెప్పిన ప్రకారం అని రాయడానికి నాకు సిగ్గేసింది. వేలిముద్ర వేసే మనిషి మాట ఆఫీసులో ఎవరు లెక్కచేస్తారు అని సరిపెట్టుకున్నాను. దాని బదులు సుద్దముక్కల కొలత వివరంగా రాశాను, బొమ్మ గీశాను. సగం ముక్క పడితే మందు హద్దు దాటినట్టు, పడకపోతే దాటనట్టు అని కింద గీత కూడా కొట్టాను.

ఆఫీసులో అర్జీ ఎలా నడుస్తుందో నాకు తెలియదు. ఎవరి మీద ఫిర్యాదో వాళ్ళకే ఒక నకలు పంపి, మీ సంజాయిషీ ఏమిటని అడుగుతారట. నా బొమ్మతో సహా, కింద గీతతో సహా, అర్జీ కంట్రాక్టరు ఇంటికి వెళ్ళింది. అతని కొడుకు బీయే చదివాడు. తర్వాత, ఫలానా గురువారం ఆఫీసరు గారు తనిఖీకి వస్తారని నాకూ ఉత్తరం వచ్చింది, అతనికీ వచ్చింది. రీడింగ్ రూములో నేను వేసిన ప్రశ్న నాకే గుర్తు రాలేదు. ఆ ఉత్తరాన్ని పట్టుకెళ్ళి అందరికీ చూపించాను.

గురువారం ఆఫీసరు జీపులో వచ్చాడు. మంచివాడే. మందిరంలో కుర్చీ వేస్తే, పేటవాళ్ళు నిలబడి ఉన్నారని తనూ నిలబడ్డాడు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇంగ్లీషులో వివరించి, ముక్కలు నిలబెట్టాను. పన్నెండుకి విజిల్ వేశారు. చప్పుళ్ళు వినిపించాయి. నిండు ముక్క ఊగి పడింది. ముప్పాతిక ముక్క కదిలి నిలబడింది. సగం ముక్క కదలనే లేదు.

రోజూ అరికాళ్ళలోకి వచ్చే అదురు ఆ రోజు రాలేదు. అది నాకు తెలుసు. అక్కడున్న ఆడవాళ్ళందరికీ తెలుసు. ఒకామె, "ఇయాల తక్కువేశారు బాబూ," అంది. ఆఫీసరు నా వంక చూశాడు.

"ఇది మీ పద్ధతే కదా మాస్టారూ? చూసింది చూసినట్టు రాశాను. సంతకం పెడతారా?"

ఈ రోజు కొలత లెక్కలోకి రాదని చెప్పాలి. చెబితే నా కొలత తప్పని నేనే ఒప్పుకున్నట్టవుతుందని అనిపించింది. ఇంగ్లీషు మాట్లాడే ఆఫీసరు ముందు తెలివితక్కువవాణ్ణి కాలేకపోయాను. సంతకం పెట్టాను. నా జీవితంలో నేను పెట్టిన సంతకాలన్నిటిలో అదే చక్కగా కుదిరింది, ఖర్మ.

సాయంత్రం నాయన వచ్చి కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. నేను జరిగింది చెప్పాను.

"సగం మందే కూరాంగా," అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"మేస్త్రీ చెప్పాడు, పొద్దున్నే."

"మరి ఆఫీసరు వచ్చాడని తెలుసుగా నాయనా! వచ్చి చెప్పొచ్చుగా!"

నాయన ముద్ద కలుపుతూనే ఉన్నాడు. "ఆయన నన్నడగలేదబ్బాయ్. నువ్వూ అడగలేదు."

మా అమ్మ నా కంచంలో మజ్జిగ పోసి లోపలికి వెళ్ళిపోయింది.

రెండో అర్జీ రాశాను. ఈసారి నాయన మాటే రాసి, కింద నాయన వేలిముద్ర వేయించాను. ఆయన మారు మాట్లాడకుండా వేశాడు. దాని నకలు కూడా కంట్రాక్టరు ఇంటికి వెళ్ళింది. నాయన్ని మందు పనిలోంచి తీసేసి రాయి మోసే పనిలో వేశారు. ఆఫీసునుంచి నాకు జవాబు రెండు వాక్యాల్లో వచ్చింది. అర్జీదారుడే తన సంతకంతో ధ్రువపరిచిన విషయంపై మరల విచారణ అవసరం లేదు అని.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం నూతి గట్టు లోపలికి కూలిపోయింది. అదృష్టం కొద్దీ నీళ్ళు తోడే వేళ కాదు, ఎవరూ పోలేదు. రాళ్ళు తీసి మళ్ళీ కడదామంటే అడుగున ఊట కూడా ఆగిపోయింది. పేటలో నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. పల్లెత్తు మాట అన్నా బాగుండేది.

శనివారం నేను వచ్చేసరికి ఇంట్లో అమ్మ లేదు. ఎక్కడికి వెళ్ళి ఉంటుందో తెలిసి కూడా పక్కింట్లో అడిగి, చెప్పించుకుని, ఊళ్ళోకి వెళ్ళాను. నూతికి ఎడంగా ఖాళీ బిందె నేల మీద పెట్టుకుని నిలబడి ఉంది. పోను అన్న మనిషి. తల మీద కొంగు కప్పుకుంది, ఎండకి కాదు. నేను దగ్గరికి వెళ్ళి బిందె తీసుకోబోయాను.

"నువ్వు పో అయ్యా," అంది చిన్నగా, నూతి వైపే చూస్తూ. "కంట్రాక్టరు మీద అర్జీలు పెట్టినోడివని నీ మీద కోపంగా ఉన్నారు. నువ్వు కనపడితే నాకు పొయ్యరు."

చేద పట్టుకుని ఊరావిడ ఒకామె నూతి దగ్గరికి వస్తోంది. నేను పశువుల కొట్టం గోడ చాటుకి వెళ్ళి, అమ్మ బిందె నిండేదాకా అక్కడే దాక్కున్నాను.