బొమ్మ ఏ వైపు నుంచి వస్తుంది?

మా చిన్నప్పుడు... నర్మెట్టలో మేనమామ పెళ్లి క్యాసెట్ చూద్దామని జనగామ నుంచి టీవీ, వీసీఆర్ కిరాయికి తెప్పించారు. తెచ్చినాయన పెట్టెలు దించి, ఒక వైరు చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. వాకిలి నిండా జనం... తెర నిండా చుక్కలు.

వీసీఆర్ వెనుక ఒకేలాంటి రంధ్రాలు రెండున్నాయి. మగవాళ్లు టీవీ నెత్తి మీద కొట్టారు, కరెంటును తిట్టారు. వైరు సంగతి ఎవరికీ పట్టలేదు.

మేం అవ్వ అని పిలిచే మా అమ్మకు చదువు రాదు. పొలంలో మోటారుకు పైపులు బిగించిన అనుభవం మాత్రం ఉంది.

"బొమ్మ ఏడికెళ్లి వస్తది? గా పెట్టెలకెళ్లి గదా. మరి బయటికొచ్చే బొక్క ఏదో, లోపలికి పోయేది ఏదో చదువు బిడ్డా" అంది నాతో.

చదివాను. వైరు లోపలికి పోయే రంధ్రంలో ఉంది... మార్చగానే బొమ్మ వచ్చింది. అవ్వ వైరు కొసకు ఒక ఎర్ర దారం ముడేసి, "మల్ల మర్శిపోతరు" అంది.

రెండేళ్లకు అవ్వ పోయింది. అప్పటికి చెల్లెలికి ఏడాది నిండలేదు. ఆ క్యాసెట్ కూడా ఎటో పోయింది...

పోయిన నెల మేనమామ ఇంటి అటక మీద ఆ క్యాసెట్, దాని పక్కనే ఆయన తర్వాత కొనుక్కుని వాడిన వీసీఆర్ దొరికాయి. కబురు తెలియగానే చెల్లెలు కాటారం నుంచి మా ఇంటికి బస్సెక్కి వచ్చింది. అమ్మ గొంతు ఎలా ఉంటుందో దానికి తెలియదు. సాయంత్రానికి తిరిగి వెళ్లాలి.

మా కొత్త టీవీకేమో వీసీఆర్ నుంచి వచ్చే పసుపు, తెలుపు వైర్లు పెట్టే చోటే లేదు... అన్నీ సన్నని చీలికలు. టీవీ సామాన్ల దుకాణానికి వెళ్తే, దుకాణాయన ఒక వైరు ఇచ్చి, "పెట్టుండ్రి అమ్మా, వస్తది" అన్నాడు. రాలేదు. తర్వాత ఒక చిన్న పెట్టె ఇచ్చాడు. అదీ అంతే... ఉత్త నీలం తెర.

"మీ వీసీఆరే ఖరాబైంది, పారేయుండ్రి" అన్నాడు చివరికి.

ఇంటికొచ్చి కళ్లద్దాలు పెట్టుకుని పెట్టె మీది అక్షరాలు చదివాను. అది కొత్త యంత్రం బొమ్మను పాత టీవీకి పంపేది. మాకు కావలసింది దానికి సరిగ్గా తిరగేసి. అమ్మే మనిషి ఈ రెండు ముక్కలు చదవడానికి ఏం బరువు...

మళ్లీ వెళ్లి పెట్టె ఆయన ముందు పెట్టాను.

"బొమ్మ ఏడికెళ్లి వస్తది నాయినా?"

"టీవీలకెళ్లి."

"టీవీలకు వస్తది. వచ్చేది వీసీఆర్లకెళ్లి. ఇగ మీదున్నది చదువు."

చదివాడు. లోపలికి వెళ్లి అచ్చం అలాంటి పెట్టే, అక్షరాలు తిరగేసి ఉన్నది తెచ్చాడు.

తెర మీద గీతలు పాకుతూ పెళ్లి పందిరి కనిపించింది. వీడియో లైటుకు కొంగు అడ్డం పెట్టుకుని మా అవ్వ... "లైటు తియ్యి తమ్మీ, కండ్లు పోతున్నయి."

అంతే. ఆ ఒక్క మాటే ఉంది.

చెల్లెలు మూడుసార్లు వెనక్కి తిప్పించుకుంది. బస్సు వెళ్లిపోయింది. "అక్కా, నువ్వు గూడ అచ్చం గిట్లనే కసురుతవ్" అంటూ కళ్లు తుడుచుకుంది.

అప్పుడు వాడంతటికీ ఒకటే వైరు, ఒకటే బొమ్మ. ఇప్పుడు ఇంటి నిండా వైర్లే... ఏది దేనిదో అడిగితే చెప్పే మనిషి లేడు. కొత్త పెట్టెకు నేను ఎర్ర దారం కట్టి ఉంచాను.

మీ అటకల మీది క్యాసెట్లలో ఎవరి గొంతులు ఉన్నాయో... చెప్పండి, వింటాను.