బోణీకి అమ్మిన కార్బన్

ఒక అబద్ధం నా దగ్గర చాలా ఏళ్లుగా పడి ఉంది. దుకాణంలో కొన్ని సామాన్లు అట్లాగే ఉంటాయి. ఎవరూ అడగరు, మనం పారెయ్యం, అప్పుడప్పుడు దుమ్ము దులిపి మళ్లీ అదే అరలో పెడతాం. దీన్ని కూడా నేను అట్లాగే దులుపుతూ వచ్చాను. బరువుగా ఉండేదా? మొదట్లో ఉండేది. అన్నం ముందు కూర్చుంటే గుర్తొచ్చేది. ఇప్పుడు గుర్తొచ్చినా ఏమీ అనిపించదు, అన్నం మామూలుగానే దిగుతుంది. అట్లా మామూలుగా దిగుతోందని తెలిసిన రోజునే, ఎవరికో ఒకరికి చెప్పాలనుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అది నాకు అనుకూలంగా ఉంది. పేర్లు మార్చాను. నా పేరు చెప్పను.

రాణిగంజ్‌లో మాది బండ్ల సామాన్ల దుకాణం. అద్దాలు, హ్యాండిల్ గ్రిప్పులు, సీటు కవర్లు, సైలెన్సర్ మీద బిగించుకునే రకరకాల సోకులు. నాన్న కూర్చున్న గల్లా దగ్గర నాన్న తర్వాత నేను కూర్చున్నాను. చుట్టుపక్కల దుకాణాల్లో అందరూ మగవాళ్లే. ఆడమనిషి ఏం బేరం చేస్తుందిలే అని మెట్టెక్కినవాళ్లు, అడగడానికి వచ్చినదానితో పాటు అడగనిది కూడా కొనుక్కొని దిగేవాళ్లు. నా పెళ్లిలో పంతులుతో దక్షిణ గురించి పీటల మీద నుంచి నేనే బేరమాడానని మా చుట్టాలు ఇప్పటికీ చెప్పుకొని నవ్వుతారు. నిజమే. ఆయన తగ్గించాడు కూడా.

నాన్న నేర్పినవాటిలో నాలో గట్టిగా దిగినది బోణీ. పొద్దున మొదటి గిరాకీ ఒట్టి చేతులతో మెట్టు దిగకూడదు. దిగితే ఆ రోజంతా దుకాణం పడుకున్నట్టే. లాభం లేకపోయినా సరే, ఒక నట్టో బోల్టో అయినా సరే, ఏదో ఒకటి అమ్మి పంపాలి. దేవుడి మీద నాకు అనుమానాలున్నాయి గానీ బోణీ మీద ఎప్పుడూ లేవు. మా బజారంతా ఇదే నడుస్తుంది. గిరాకీలకు కూడా ఇది తెలుసు. అందుకే తెలివైనవాళ్లు షట్టరు ఎత్తే వేళకే వస్తారు, మేం కాదనలేమని.

నరేశ్ అట్లాంటి తెలివైనవాడే. బన్సీలాల్‌పేట్‌లో ఉంటాడు, ఇళ్లకు వెళ్లి ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. అప్పుడతను సెకండ్ హ్యాండ్‌లో ఒక బండి కొన్నాడు. దాని సైలెన్సర్ కిందుగా కాకుండా పైకి లేచి, వెనక కూర్చున్నవాళ్ల కుడికాలి పిక్క పక్క నుంచి పోతుంది. వేడి తగలకుండా దాని మీద ఒక ఇనుప రేకు బిగించి ఉంటుంది. ఆ రేకు ట్రాఫిక్‌లో వేడెక్కిపోతోందని అతని బాధ. ఎందుకంటే వెనక కూర్చునేది చెల్లెలు స్వప్న. కానిస్టేబుల్ ఉద్యోగానికి మొదటి రాతపరీక్ష పాసైంది, దేహదారుఢ్య పరీక్ష ముందుంది. రోజూ పరేడ్ గ్రౌండ్‌కు పోయి పరుగు ప్రాక్టీసు చేస్తుంది. దింపేది, తెచ్చేది అన్నే.

"కార్బన్ ఫైబర్‌ది అయితే అంత వేడి కాదంట గదా అక్కా" అన్నాడు. "మా చెల్లె కాలు సుర్రుమంటుందని ఒకటే లొల్లి. పరుగు అయ్యేదాంక దాని కాలు బంగారం మాకు."

నా దగ్గర కార్బన్ ఫైబర్ కవచం లేదు. తెప్పించాలంటే వారం పైన పడుతుంది. ఆ మాటే చెప్పాను. సరే అక్కా, వచ్చినంక ఫోన్ చెయ్యి అని అతను మెట్టు వైపు తిరిగాడు. అగరుబత్తి అప్పుడే వెలిగించాను. గల్లా పెట్టె ఇంకా తెరవలేదు.

ఆగు, అన్నాను.

వెనక అరలో ఒక ముక్క ఉంది. నల్లగా, మెరుస్తూ, పైన గళ్లుగళ్లుగా నేత కనిపిస్తూ, చూడటానికి అచ్చం కార్బనే. లోపల ప్లాస్టిక్. పైన గళ్ల అచ్చు వేసిన పొర. తెచ్చి ఇచ్చిన హోల్‌సేల్ అతను స్పష్టంగానే చెప్పాడు, ఇది సోకుకు మాత్రమే, సైలెన్సర్ చివరన బిగించాలి, ఇంజన్ దగ్గర వేడికి ఇది నిలవదు అని. విన్నాను. తలూపాను. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు. ఉంటే ఆ దారిలో ఎప్పుడో వెళ్లిపోయేదాన్ని, నా సంగతి నాకు తెలుసు.

ముక్కను నరేశ్ చేతిలో పెట్టి, బరువు చూడమన్నాను, అప్పడంలాగా లేదా అన్నాను. ప్లాస్టిక్ కూడా అప్పడంలాగే ఉంటుంది. అతను గోటితో కొట్టి చూశాడు. బేరమాడాడు. నేనూ ఆడాను. బోణీ కదా అని తగ్గించాను, తగ్గిస్తూ నా ఇంట్లో వస్తువేదో పోతున్నట్టు మొహం పెట్టాను. ఆ మొహం నాకు బాగా కుదురుతుంది. ఇనుప రేకు విప్పి నేనే ఆ ముక్క బిగించాను. పాత రేకు ఎందుకులే అని అతను దుకాణంలోనే వదిలేశాడు.

ఆ క్షణంలో ఏమనుకున్నాను? అసలుది వచ్చాక పిలిచి మార్చిద్దామనుకున్నానా, కొన్ని రోజులకు ఏమవుతుందిలే అనుకున్నానా, లేక ఏమీ అనుకోకుండా బోణీ డబ్బు కళ్లకద్దుకొని రెండో గిరాకీ కోసం రోడ్డు వైపు చూశానా? మొదటి రెండూ తర్వాత నేను కుట్టుకున్న మాటలు. అసలుదానికి నేను ఆర్డరే పెట్టలేదు.

కొన్నాళ్లకు నరేశ్ మళ్లీ వచ్చాడు. ఈసారి వెనక స్వప్న ఉంది. నేను ఆమెను చూడటం అదే మొదలు. పొడుగ్గా, సన్నగా ఉంది. కుడికాలికి మోకాలి కింద నుంచి కట్టు. అన్న భుజం పట్టుకొని మెట్టెక్కి నన్ను చూసి నవ్వింది. స్టూలు వేశాను. ప్యాట్నీ చౌరస్తా దగ్గర బండి ట్రాఫిక్‌లో చాలాసేపు ఆగిపోయిందట. కాలు కవచానికి ఆనిందట. మంట తెలిసి లాక్కునేసరికి నల్లగా ఏదో కరిగి, గుడ్డతో సహా పిక్కకు అంటుకొని వచ్చిందట. డాక్టరు దాన్ని చర్మంతో పాటు తీయాల్సి వచ్చిందని నరేశ్ చెప్పాడు. పరీక్షకు ఎక్కువ రోజులు లేవు.

బయటికి వెళ్లి బండి చూశాను. కవచం మధ్యలో కుంగి కన్నం పడింది. కరిగి సాగిన అంచు మీద ఆ గళ్లు ఇంకా ఉన్నాయి, వంకరపోయి. వేలితో తడిమాను. ఎందుకు తడిమానో తెలియదు, తెలియాల్సింది ఏమీ లేదు అక్కడ.

లోపలికి వచ్చేసరికి నరేశ్ నా మొహమే చూస్తున్నాడు.

"అక్కా, ఒకటడుగుతా. కార్బన్ కరుగుతదా?"

అంత సూటిగా నన్నెవరూ ఏదీ అడగలేదు. కరగదు, అది కార్బన్ కాదు. అంతే చెప్పాలి. నోరు తెరిచాను. వచ్చిన మాట వేరు.

"కార్బన్ ఎట్ల కరుగుతది నరేశ్? విమానాలకు ఏస్తరు దాన్ని" అన్నాను. స్టూలు వైపు తిరిగాను. "ఆ రోజు ఏం ఏసుకున్నవమ్మా?"

"ట్రాక్ ప్యాంటక్కా. నల్లది. రోజూ గదే" అంది స్వప్న.

"నైలాన్‌దా?"

"గట్లనే ఉంటది. జారుతుంటది."

"ఇంకేముంది, గదే కరిగింది. కరిగి నీ కాలుకు అంటుకుంది, కార్బన్‌ను సుత కాల్చింది. సైలెన్సర్ పక్కన కూసునేటోళ్లు నైలాన్ ఏసుకుంటరా ఎవరన్నా?"

నరేశ్ చెల్లెలి మీదికి తిరిగాడు. "చెప్పిన్నా లేదా నేను, కాటన్‌ది కొనుక్కోవే అని? నీకు స్టైల్ గావాలె. స్టైల్ చూసి ఇస్తరా పోలీస్ నౌకరీ?"

"నాకేం ఎరుకన్నా" అంది స్వప్న. కట్టు అంచు సరిచేసుకుంది. కొంచెం ఆగి, "నీ కొత్త సామాన్ సుత ఖరాబ్ జేసిన" అంది.

నా దుకాణంలో, నేను వేసిన స్టూలు మీద కూర్చొని ఆమె తన అన్నకు తప్పు ఒప్పుకుంది.

బట్టల మీదికే ఎందుకు తోశాను? ఈ ప్రశ్న నేను చాలాసార్లు వేసుకున్నాను. రోడ్డు బాగాలేదనొచ్చు, పాత బండి ఇంజన్ ఎక్కువ వేడెక్కిందనొచ్చు, సెకండ్ హ్యాండ్‌లో అమ్మినవాడిని తిట్టొచ్చు, నాలాంటి నోటికి కారణాలు కొదవా? కానీ నోరు నేరుగా ఆ పిల్ల ప్యాంటు దగ్గరికి పోయింది. ఆడపిల్ల బట్టల మీదికి తోస్తే ఎవరూ తిరిగి అడగరని నాకు తెలుసు కాబట్టి. ఎట్లా తెలుసు? గల్లా దగ్గర కూర్చున్న కొత్తలో నా బట్టల గురించి కూడా బజారంతా మాట్లాడింది కాబట్టి. ఆ మాటలకు నేను ఎదురు చెప్పలేకపోయాను. స్వప్న కూడా చెప్పలేదు.

ఆ రోజే పాత ఇనుప రేకు వెతికి తెచ్చి మళ్లీ బిగించాను, డబ్బు తీసుకోకుండా. కాలిన ముక్కను వాళ్ల చేతికివ్వకుండా నేనే పారేశాను. మంచిదానివక్కా అన్నాడు నరేశ్. తర్వాత వాళ్లమ్మ సర్వపిండి చేసి పంపింది. తిన్నాను. బాగుంది.

స్వప్న కట్టుతోనే పరుగెత్తింది. జెరంతలో పోయిందక్కా, అని నరేశ్ వచ్చి చెప్పాడు. మళ్లీ నోటిఫికేషన్ పడేసరికి ఆమె వయసు దాటిపోయింది.

ఇప్పుడామె ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతుంది. స్కూటీ కొనుక్కుంది. దానికి అద్దం విరిగినా, సీటు చిరిగినా ఇంత దూరం నా దగ్గరికే వస్తుంది. నాతో బేరమాడదు. అక్క చెప్పిందంటే అంతే, అంటుంది. నా గిరాకీల్లో బేరమాడనిది ఆమె ఒక్కతే. ఆమె అడక్కపోయినా నేనే తగ్గిస్తాను, అది చూసి మళ్లీ థాంక్స్ చెబుతుంది.

ఒకసారి ప్యాంటు పైకి లాగి పిక్క చూపించింది. నున్నగా, రంగు మారి ఉంది. అక్కడ గిల్లినా తెలియదట. ముట్టుకొని చూడక్కా, అంది నవ్వుతూ. ముట్టుకున్నాను. ఆమెకు తెలియలేదు. నాకూ ఏమీ తెలియలేదు.

మొన్నీమధ్య ఆమె దుకాణంలో ఉండగా ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు వచ్చారు. అట్లా పైకి లేచిన సైలెన్సర్ బండి మీదే. ఒకామె జారుడు గుడ్డ ప్యాంటు వేసుకొని ఉంది. స్వప్న ఊరుకోలేదు.

"బండి ఎనక నైలాన్ ఏసుకొని కూసోకుండ్రమ్మా. నా కాలు చూడుండ్రి. మా బళ్లె పిల్లలందరికీ ఇదే చెప్త. కావాలంటే అక్కనడుగుండ్రి, నాకు చెప్పిందే ఆమె."

ఆ పిల్లలు నా వైపు చూశారు. నేను తలూపాను. వాళ్లకు కావలసిన అద్దం తీసి ఇచ్చాను.

నేను అన్న మాట ఇప్పుడు నాది కాదు. ఆమెది. ఏటేటా కొత్త పిల్లలకు ఆమె దాన్ని పంచుతోంది, మంచి చేస్తున్నాననుకొని. సగం నిజమే కూడా, నైలాన్ వేడికి కరుగుతుంది. ఆ సగాన్ని పట్టుకొని నేను ఇన్నాళ్లు నిలబడ్డాను.

ఆమెకు చెబుతానా? తెలియదు. చెబితే నాకోసమా, ఆమెకోసమా? తన తప్పనుకొని సర్దుకున్న మనిషికి ఇప్పుడు వెళ్లి, నీ తప్పు కాదు, నాది, అంటే ఆమె దానితో ఏం చేసుకోవాలి? ఇదంతా ఆలోచనలాగా కనిపిస్తుంది గానీ ఇదీ బేరమే. స్వప్నకు చెప్పాల్సినదాన్ని మీకు చెప్పి, తక్కువలో బయటపడాలని చూస్తున్నాను. మీరు ఒప్పుకోకండి.

కానీ ఒక్కసారి పూర్తిగా రాయనివ్వండి. నేనెప్పుడూ దీన్ని రాసి చూసుకోలేదు.

స్వప్న ప్యాంటు కరగలేదు. నేను అమ్మిన ముక్క కరిగింది. అది ప్లాస్టిక్ అని అమ్మేటప్పుడు నాకు తెలుసు. నరేశ్ అడిగినప్పుడూ తెలుసు.

రాసినది మళ్లీ చదువుకున్నాను. ఒక్క మాట తగ్గించడానికి లేదు.