ముగ్గురం ఒకే బస్సులో బంగారుపాళ్యానికి

పల్లెల్లో కారణం తెలియకుండా వచ్చే కిడ్నీ జబ్బు మీద పరిశోధన చేసేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, ఒకరి మొహం ఒకరు చూసుకోరు. నేను భూగర్భ జలాలు పరీక్షించేవాణ్ణి. బంగారుపాళ్యం దగ్గరి ఒక పల్లెకు వెళ్లి బోరు నీళ్లు పట్టుకొచ్చాను. కిడ్నీ డాక్టరు సరళగారు ఇంకో రోజు అదే పల్లెకు వెళ్లి అక్కడివాళ్ల రక్తం తీసుకొచ్చారు. పురుగుమందుల మీద పని చేసే భాస్కర్ మరో రోజు వెళ్లి తోటల్లో మట్టి తెచ్చాడు. ఈ సంగతి తిరుపతిలో ఒక మీటింగు మధ్య టీ తాగుతుంటే బయటపడింది. ఈసారి కలిసే వెళ్దామన్నారు సరళగారు.

జూన్‌లో ఒక శనివారం, పొద్దున్నే చిత్తూరు బస్సెక్కాం. చంద్రగిరి దాటకముందే వాదన మొదలైంది. తప్పంతా నీళ్లదేనని నేను, పురుగుమందులదని భాస్కర్, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా పని చేయడమే కారణమని సరళగారు. ముందు సీటులోని పెద్దాయన వెనక్కి తిరిగి, "ఏమప్పా, ఆస్తి తగాదానా? కోర్టుకేనా పోతా ఉండేది?" అని అడిగాడు.

చిత్తూరులో ఇడ్లీలు తిని పలమనేరు బస్సు పట్టుకున్నాం. మామిడి సీజనులో వెళ్లేవాళ్లు ఆలస్యానికి సిద్ధపడాలి. గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు రోడ్డు మీదికి బారులు తీరి ఉన్నాయి. బంగారుపాళ్యంలో దిగి ఆటోలో పల్లెకు చేరేసరికి ఎండ ముదిరింది.

ముందు మునెమ్మ ఇంటికి వెళ్లాం. ఆమె భర్త మామిడి తోటల్లో కూలీ. కాయలు కోసేవాడు, చెట్లకు పురుగుమందు కొట్టేవాడు. ఇప్పుడు డయాలసిస్‌కని చిత్తూరు ఆసుపత్రికి తిరుగుతున్నాడు. మునెమ్మ చాప పరిచి, ఇంటికొచ్చిన ఎవరికైనా ఇచ్చినట్టే ముందుగా చెంబుతో బోరు నీళ్లు తెచ్చింది. సరళగారు గటగటా తాగారు. భాస్కర్ కూడా తాగాడు. నేను మాత్రం చెంబు కింద పెట్టి, సంచిలోంచి నా సీసా తీసుకుని తాగాను. అలవాటు కొద్దీ చేసిన పని.

మునెమ్మ చెంబు వైపు చూసింది.

"డాక్టరమ్మ తాగినారు, మీరు తాగలేదే. ఈ నీళ్లు మంచివా, కాదా సార్?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె వదల్లేదు.

"ఎల్లుండి సోమవారం నుంచి నా కొడుకు గిరి వాళ్ల నాయన చేసిన పనికే పోతా ఉండాడు. పంపించాల్నా, వద్దా? ముందు అది చెప్పండి. రక్తం తరవాత తీసుకుందురు."

ముగ్గురం పక్కకు వెళ్లాం. ఈసారి వాదించుకోలేదు. నేను ముందు పట్టుకెళ్లిన బోరు నీళ్లలో ఏం కనబడిందో సరళగారు అడిగారు. ఏ మందు ఎప్పుడు కొడతారో నేను భాస్కర్‌ను అడిగాను. తిరిగొచ్చాక అందరి తరఫునా సరళగారే చెప్పారు. కారణం ఇంకా తెలియదు. తెలిసేదాకా బోరు నీళ్లు తాగొద్దు, పురుగుమందు కొట్టొద్దు, మధ్యాహ్నం ఎండలో కోతకు పోవద్దు.

"అన్నీ వద్దంటే ఇంక పని యాడుండాది మేడమ్?" అంది మునెమ్మ. కోపంగా అనలేదు. రక్తం తీసుకోమని తనే చెయ్యి చాపింది.

సాయంత్రం చిత్తూరులో తిరుపతి బస్సు దొరికింది. రక్తం, నీళ్లు, మట్టి ఒకే పెట్టెలో సర్ది కాళ్ల దగ్గర పెట్టుకున్నాం. ఈ పని మీద అటు వెళ్లేవాళ్లకు నేను చెప్పేదొకటే, ఒక్కరే వెళ్లకండి. అక్కడ అడిగే ప్రశ్న ఏ ఒక్కరి చదువుకూ అందదు. ముగ్గురం వెళ్లినా మాకు అందలేదు, కానీ ప్రశ్నేమిటో మొదటిసారి తెలిసింది.

పాకాల దాటాక భాస్కర్ అడిగాడు. "ఎల్లుండి గిరి పనికి పోతాడంటారా?"

"పోతాడు" అన్నారు సరళగారు.