చెక్క బందులో ఇనుప చువ్వ

కర్ణాటకలోని సాగరలో, చెక్కపని కులవృత్తిగా ఉన్న గుడిగార్ల ఇళ్లలో ఆడవాళ్లు బెండుతో పెళ్లి బాసికాలు కడతారు, మగవాళ్లు గంధం చెక్క, శివని అనే తేలిక రకం చెక్క చెక్కుతారు. గులాబికి ఈ పంపకం చిన్నప్పటి నుంచే గిట్టలేదు. పుట్టింట్లో తండ్రి పక్కన కూర్చుని ఉలి పట్టింది. కాపురానికి వచ్చాక మొగుడు అడ్డు చెప్పలేదు గానీ, బావగారు జట్టప్ప మొహం చిట్లించాడు. పెట్టె మూతకు ఆమె చేసిన మడత బందు చూశాక మాత్రం నోరు మూసుకున్నాడు. పెట్టెకూ మూతకూ వాటి చెక్కలోనే పళ్లు కోసి, ఒకదాంట్లోకి ఒకటి దూర్చి, అడ్డంగా సన్నటి చెక్క చీల దిగ్గొట్టేది. మేకు లేదు, జిగురు లేదు. ఇరవై రెండేళ్లుగా ఆ బందుల మీదే బావగారి కార్ఖానా పేరు నడుస్తోంది. పేరంటే జట్టప్ప పేరేనని వేరే చెప్పాలా!

ఆ రోజు జోరున వాన. మఠం మేనేజరు హెగడే, తాళపత్రాలు దాచే పెట్టె ఒకటి తెచ్చి కార్ఖానా అరుగు మీద ఠపీమని పెట్టాడు. బందు దగ్గర నుంచి చెక్క మీదికి ఎర్రటి తుప్పు చార కారి ఉంది.

"ఇనుము తగలకూడదని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను కదయ్యా! ఈ తుప్పు తాటాకులకు అంటితే ఇంకేమైనా ఉందా? ఎవరు చేశారీ పని?"

జట్టప్ప వక్కాకు నములుతూ తల కూడా తిప్పలేదు. "బందులన్నీ మా మరదలే చేస్తుందండి. ఆడమనిషి కదా, తొందరపడి ఏదో పెట్టేసినట్టుంది. ఇకమీదట బాసికాల పనికి కూర్చోబెడతాను లెండి," అన్నాడు.

లోపల చెక్క గీస్తున్న గులాబికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ మాట ఊళ్లో పాకితే చాలు, ఆమె చేతికి మళ్లీ ఎవరూ చెక్క ముక్క ఇవ్వరు. ఆ సంగతి తెలిసే అన్నాడు పెద్దమనిషి!

ఎండాకాలంలో చెక్క ముడుచుకుని ఉంటుంది. అప్పుడు బిగువుగా చీల వేస్తే, వానలకు ఉబ్బి పళ్లను పగలగొడుతుంది. అందుకే వానలు పట్టి చెక్క తేమ తాగాకే గులాబి కన్నం తొలిచి చీల వేస్తుంది. పోయిన వేసవి మొదట్లో ఈ పెట్టెకు పళ్లు మాత్రం కోసి, మిగతాది వానల్లో చేస్తానని పక్కన పెట్టింది. ఉగాదికే ఇస్తానని జట్టప్ప మఠానికి మాటిచ్చి ఉన్నాడు. వారం తిరిగేసరికి పెట్టె లేదు. అడిగితే, "ఏదో చీల వేసి పంపించేశాను లే," అన్నాడు. ఆనాడే నిలదీయనందుకు ఇప్పుడు ఆమెకు తన మీద కూడా ఒళ్లు మండింది.

విసురుగా వచ్చి, బందు చివర కన్నం మూసిన చెక్క బిరడాను ఉలితో పెరికేసింది. పెట్టెను వంచితే సైకిలు చువ్వ ముక్క ఒకటి జారి హెగడే కాళ్ల దగ్గర పడింది.

"కన్నం ఎంత తిన్నగా ఉందో చూడండి హెగడేగారూ. నేను చేత్తో బరమా తిప్పి తొలుస్తాను. నా కన్నం పోనుపోను సన్నబడుతుంది, చీల అక్కడ బిగుస్తుంది. ఇది కరెంటు మిషను కన్నం. ఆ మిషను నన్ను ముట్టుకోనిస్తారా మా బావగారు? బీరువాలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకు తిరుగుతారు. స్నానానిక్కూడా విప్పరు!"

"ఏయ్ గులాబీ! పరాయివాళ్ల ముందు ఏమిటా మాటలు? ఇంటి పరువు..."

"నా పని పరువు తీసినప్పుడు గుర్తురాలేదా బావగారూ? ఆడమనిషి తొందర అన్నారే, ఉగాది తొందర ఎవరిది?"

జట్టప్పకు నోట్లో వక్కాకు మింగాలో ఉమ్మాలో తెలియలేదు. హెగడే, "సరేనమ్మా, అయిందేదో అయింది. జట్టప్పా, త్వరగా బాగుచేయించి పంపు," అన్నాడు.

అంతే! తప్పు చేసినవాడికే మళ్లీ పెత్తనం. గులాబి పెట్టెను చంకలో ఇరికించుకుంది.

"ఆయన చేయించేదేం లేదు. ఇది మా ఇంట్లో బాగవుతుంది. కావలసినవాళ్లు మా ఇంటికొచ్చి నన్నడిగి తీసుకెళ్లండి."

హెగడే జట్టప్ప వైపు చూశాడు. అతను వక్కాకు ఉమ్మడానికి అరుగు చివరికి వెళ్లాడు. ఇక తప్పదన్నట్టు గులాబి వైపు తిరిగి, "మీ ఇల్లెక్కడమ్మా?" అని అడిగాడు.

ఇరవై రెండేళ్లుగా ఆ మఠానికి బందులు చేస్తున్న మనిషిని అడిగిన మాట అది. గులాబికి కోపం తగ్గకపోగా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఈ గోడ అవతలే!" అని అరిచింది.