చీలిన రిసీవర్

వెండెల్ ఆసెన్ సైన్యంలో చాలా ఏళ్లు తుపాకులు బాగుచేశాడు. రిటైరై మోంటానాలోని సొంత ఊరికి వచ్చాక, చుట్టుపక్కల పశువులు పెంచేవాళ్ల రైఫిళ్లన్నీ అతని గరాజుకే వచ్చేవి. మొన్న వసంతంలో చిన్నగా పక్షవాతం వచ్చి తగ్గింది. కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి గానీ తలలో ఏదో తారుమారైంది. ఉప్పు అడగబోయి చెంచా అడిగేవాడు. చెంచా చేతికిస్తే, ఇదెందుకిచ్చారా అని తెల్లబోయి చూసేవాడు.

అక్టోబరులో ఓ శనివారం కూతురు జోలీన్ తన రైఫిల్ పట్టుకొచ్చింది. ట్రక్కు మీంచి రాళ్ల మీద పడి, బ్యారెల్‌ను పట్టి ఉంచే లోహపు తొడుగు, పై రిసీవర్, చీలింది. బ్యారెల్‌కు మాత్రం ఏమీ కాలేదు. దాన్ని ఊడదీసి, తను కొనుక్కొచ్చిన కొత్త రిసీవర్‌కు బిగించాలి.

"తుపాకుల కొట్లో ఇచ్చెయ్యరాదటే? ఆయన్నెందుకు హైరానా పెడతావు?" అంది తల్లి మేవిస్.

"ఆ కొట్టాయనకు పని నేర్పిందెవరనుకున్నావ్? నాన్నే!"

లోపల తూటా లేదని జోలీన్ తను చూసి, తండ్రికీ చూపించింది. వెండెల్ కళ్లద్దాలు సర్దుకుని కూర్చున్నాడు.

"ఆ... అది ఇలా ఇవ్వు. దువ్వెన."

జోలీన్ ఒక్క క్షణం ఆగి పానా అందించింది. అతను దాన్ని నట్టుకు తగిలించి తిప్పాడు. నట్టు వదులైంది, బ్యారెల్ ఊడి వచ్చింది. గుడ్డతో తుడిచాడు, గ్రీజు రాశాడు. ఎదురుగా బల్ల మీద రెండు రిసీవర్లు, రెండూ నల్లనివే. ఒకసారి దీన్నీ ఒకసారి దాన్నీ చూశాడు. ఏదో ఒకటి అడగాలనిపించింది. ఏమడగాలో మాత్రం నోటికి రాలేదు. చేతికి దగ్గరగా ఉన్నదాన్ని తీసుకున్నాడు.

తరవాత చేతులే పని చేశాయి. బ్యారెల్ మీది పిన్ను గాడిలో కూర్చుంది, నట్టు బిగుసుకుంది, పేలిన తూటా వాయువును వెనక్కి పంపే సన్నటి గ్యాస్ గొట్టం దారి తప్పకుండా లోపలికి దిగింది. వెండెల్ మురిసిపోయి రిసీవర్‌ను బొటనవేలితో నిమిరాడు. వేలికి చీలిక తగిలింది.

"ఇదేంటి? మళ్లీ పాతదానికే బిగించానా?"

"అవును నాన్నా."

"చూస్తూ ఊరుకున్నావా?"

"నీ చేతులు అంత హాయిగా ఆడుతుంటే ఆపడానికి నోరు రాలేదు."

"జాలిపడ్డావన్నమాట! నీ జాలికి ఆ బ్యారెల్ నీ మొహం మీద పేలితే?" పానా బల్ల మీద విసిరికొట్టాడు. చప్పుడుకి మేవిస్ తలుపు దాకా వచ్చి, ఇద్దర్నీ చూసి వెనక్కి వెళ్లిపోయింది.

కోపం ఎంత త్వరగా వచ్చిందో అంతే త్వరగా పోయింది. ఎవరి మీద కోపమొచ్చిందో కూడా అతనికి తేలలేదు. కాసేపటికి లేచి, కుర్చీ కూతురి వైపు జరిపాడు.

"నువ్వు కూర్చో. నేను చెప్తాను. తప్పు చెప్తే అక్కడే ఆపు. మొహమాటపడకు."

మొదట ఎడమకు బదులు కుడి అన్నాడు. జోలీన్ ఆపింది. ఆ తరవాత మాటలు మానేసి చేత్తో చూపించాడు. ఈసారి బ్యారెల్ కొత్తదానికే ఎక్కింది.

"సరిగ్గానే ఉంది నాన్నా."

"నాకు తెలీదే," అన్నాడు వెండెల్. "సరిగ్గానే ఉన్నట్టుంది. ఇందాకా అలాగే అనిపించింది కదా! కొట్టాయన కొలిచే గేజీ పెట్టి చూసేదాకా ఒక్క గుండు కూడా కాల్చకు."

సోమవారం జోలీన్ ఫోన్ చేసింది. కొట్టాయన చూశాడు, వంక పెట్టలేదు. వెండెల్ "మంచిది" అని ఫోన్ పెట్టేశాడు. పని చేసిన చేతుల్ని చూసి సంతోషించాలా, తలను తల్చుకుని భయపడాలా తేల్చుకోలేక చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడిపోయాడు.

ఆ వారంలోనే పొరుగున పశువులు పెంచే ఒకతను రైఫిల్ తెచ్చాడు. వెండెల్ దాన్ని చేతిలోకి తీసుకోలేదు.

"ఆదివారం రా. అమ్మాయి వస్తుంది. తను బిగిస్తుంది, పక్కన నేనుంటాను."