కారని విమానం

మా కాలేజీ వర్క్‌షాపులో నిన్న ఎవరో నూనెలో గుగ్గిలం కాచారు. గుమ్మంలో అడుగు పెట్టగానే ఆ వాసన తగిలింది. చెప్పాల్సిన పాఠం మరిచిపోయి అక్కడే నిలబడిపోయాను. భీమవరంలో ఇంజనీరింగ్ పిల్లలకు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాను. మా నాన్న పడవలు కట్టి, సందుల్లో నార కూరి గుగ్గిలం పూసే వడ్రంగి కాబట్టి ఆ వాసనకు నాకు పడవ గుర్తుకు రావాలి. కానీ గుర్తొచ్చేది విమానం. ఆ విమానంతో పాటే వరలక్ష్మి టీచర్ గారు.

తొంభైలలో రావులపాలెం దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆవిడ ఫిజిక్స్ చెప్పేవారు. సొంతూరు ద్రాక్షారామం. నేత చీర, చేతికి మగవాళ్ళ గడియారం, ముక్కు మీద కోపం. ఆవిడకున్న పిచ్చి మాత్రం మా చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు. ఎవరికీ అందనంత ఎత్తున, ఎవరూ తరమలేనంత వేగంగా వెళ్ళి, శత్రువుల నేల మీద ఉన్నదంతా ఫొటో తీసుకుని తిరిగి వచ్చే విమానాలంటే ఆవిడకు ప్రాణం. చిన్నప్పుడు అటుకుల పొట్లం విప్పితే ఆ కాగితం మీద నల్లటి విమానం బొమ్మ కనిపించిందట. అది అమెరికా వాళ్ళ ఎస్సార్-71. ఆ రోజు నుంచి దొరికిన బొమ్మనల్లా కత్తిరించి ఒక ఆల్బంలో అంటించుకున్నారు. ఒక్కో బొమ్మ కింద వేగం, ఎత్తు రాసి, మూడో వరసలో తనకు తోచిన ఒక్క మాట రాసేవారు. మన వాయుసేన మిగ్-25 బొమ్మ కింద ఆ మాట ‘మనది’. స్టాఫ్ రూంలో వేళాకోళం చేసినా, ఎవరి పిచ్చి వారికి ఆనందం అని ఊరుకునేవారు.

పదో తరగతిలో ఒకరోజు ఆ ఆల్బం మాకు చూపించారు. “దీనికి తుపాకీ ఉండదు” అన్నారు.

“మరి ఎవరైనా కొడితే ఎలాగండి?” అని వెనక బెంచీలోంచి ఎవరో అడిగారు.

“ఇంకా వేగంగా పోతుంది. కొట్టడం దాని పని కాదర్రా. వెళ్ళి చూడటం, చూసింది ఉన్నదున్నట్టు తెచ్చి చెప్పడం, అంతే.” పేజీ తిప్పి, “ఇంకో తమాషా చెప్పనా? ఇంత గొప్ప విమానమూ నేల మీద ఉన్నంతసేపూ ఇంధనం కారుతూనే ఉంటుంది. ఆకాశంలో ఆ వేగానికి ఒళ్ళంతా కాలిపోయేంత వేడెక్కి, లోహం సాగి, సందులు మూసుకుంటాయి. అప్పుడు చుక్క కారదు” అన్నారు. నేను నోట్లో నాలుక లేని దాన్ని. అడగాల్సినవి ఎన్నో ఉన్నా ఒక్కటీ అడగలేదు.

ఆ ఏడు రాజమండ్రిలో సైన్సు ఎగ్జిబిషన్‌కు మా బడి నుంచి ఒక నమూనా వెళ్ళాలి. హెడ్మాస్టరు గారు ఏటా పంపినట్టే అగ్నిపర్వతం పంపుదామన్నారు. టీచర్ గారు విమానమే అన్నారు. “అది మీ సరదా అండీ, పిల్లల చదువు కాదు” అన్నారాయన. “ఇది అక్కడ నలుగురిలో తేలిపోతే, వచ్చే ఏడు నుంచి మీరు చెప్పిందే చేయిస్తానండి” అని ఈవిడ మాటిచ్చేశారు. ఆ మాట మోయాల్సిన పని నా మీద పడింది. ఎందుకంటే విమానం కట్టేది మా నాన్న, అక్కడ నిలబడి వివరించేది నేను.

టీచర్ గారు కాలవ గట్టు మీది మా షెడ్డుకొచ్చి బొమ్మ చూపించారు. “పొట్ట దగ్గర పలకల మధ్య సన్నటి సందులు వదలండి సూర్రావు గారూ. రంగునీళ్ళు పోస్తే చుక్కచుక్కగా కారాలి.”

“అలాగేనండి” అన్నాడు నాన్న. ఆయన మొహం మాత్రం అలాగే అనలేదు.

రాజమండ్రిలో బల్ల మీద విమానం పెట్టి ఎర్రనీళ్ళు పోశాను. చుక్క కారలేదు. ఇంకో చెంబు పోశాను. అయినా కారలేదు. పొట్ట కింద గోటితో గీరితే నల్లరంగు వెనక నార, దాని మీద గుగ్గిలం. సందున్న వస్తువును షెడ్డు దాటనివ్వడం మా నాన్న వల్ల అయ్యే పని కాదు. ఎవరికీ చెప్పకుండా పడవకు కూరినట్టే శుభ్రంగా కూరేశాడు. న్యాయనిర్ణేతలు మూడు బల్లల అవతల ఉన్నారు. టీచర్ గారు నా పక్కనే ఉన్నారు.

అంతలో ఒక ఉపాయం తోచింది. “టీచర్, ఇది ఇప్పుడు ఎగురుతోంది, వేడెక్కి బిగుసుకుంది, అందుకే కారట్లేదని చెప్పేస్తానండి” అన్నాను.

“ఎగురుతోందా?”

“లేదండి.”

“మరి చూసింది చెప్పు.”

“మీ మాట పోతుందండి.”

“పోతే పోనీ. నా మాటే కదా.”

వాళ్ళు వచ్చారు. అందులో ఒక పెద్దాయన బల్ల కిందికి వంగి చూసి, “కారే విమానం అని రాశారు, ఇది కారదేంటమ్మా?” అన్నారు. మా నాన్న పడవల వడ్రంగి అనీ, కారేది చేయడానికి ఆయనకు చేతులు రాలేదనీ చెప్పాను. ఎండాకాలమంతా గట్టున ఎండిన పడవను నీళ్ళలోకి దింపితే మొదట కారుతుందనీ, నానేకొద్దీ చెక్క ఉబ్బి సందులు వాటంతటవే మూసుకుంటాయనీ, పడవకు నీళ్ళు ఎలాగో ఈ విమానానికి వేడి అలాగనీ చెప్పాను. ఆ పోలిక నాకు ఎవరూ నేర్పలేదు. అక్కడే, ఆ బల్ల ముందే తట్టింది. పెద్దాయన పలకలను వేలితో తడిమి చూసి, “ఇప్పుడు అర్థమైందమ్మా” అన్నారు. మూడో బహుమతి ఇచ్చారు. పక్కకు తిరిగితే టీచర్ గారు కళ్ళు తుడుచుకుంటున్నారు. నన్ను చూసి, దుమ్ము పడిందన్నారు.

మర్నాడు ఆవిడ మా షెడ్డుకొచ్చారు. నాన్న చేతిలో ఉలి పక్కన పెట్టి లేచాడు. “నా వల్ల తప్పైపోయిందండి, టీచరు గారూ.”

“తప్పు నాదండి. కారాలని చెప్పాను గానీ ఎందుకు కారాలో చెప్పలేదు. మీకు అర్థం కాదనుకున్నాను. క్షమించండి” అని రెండు చేతులూ జోడించారు. అప్పటిదాకా మా నాన్నకు చేతులు జోడించిన చదువుకున్న మనిషిని నేను చూడలేదు. నాన్న ఆవిడ కూర్చోవడానికి పలక మీది రంపపు పొట్టు దులిపాడు. ఆవిడ కూర్చుని వేగం, వేడి, లోహం సాగడం అన్నీ ఓపిగ్గా చెప్పారు.

“అంటే ఎండిన పడవేనన్నమాట. అంత గొప్పదానికీ అదే జబ్బాండి?” అన్నాడు నాన్న.

“అదే జబ్బండి.”

ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. ఆ నవ్వులోనే ఆవిడ కెమెరా తీసి, విమానం పక్కన నాన్నను నిలబెట్టి ఫొటో తీశారు.

రిటైరైన రోజు ఆవిడ ఆ ఆల్బం నా చేతిలో పెట్టారు. చివరి పేజీలో విమానంతో మా నాన్న ఉన్నాడు. కింద ఎప్పటిలాగే మూడు వరసలు. వేగం: లేదు. ఎత్తు: బల్ల మీద. కారదు.

ఏటా కొత్త పిల్లలకు మొదటి క్లాసులో ఆ పేజీయే ముందు తెరుస్తాను. ఏ పని చెప్పినా, ఎందుకో కూడా చెప్పి మరీ చేయిస్తాను. “ఈయనెవరు మేడం?” అని పిల్లలు అడుగుతారు. మా నాన్న అంటాను. ఫొటో తీసిందెవరని మాత్రం ఎవరూ అడగరు. అడగకపోయినా చెబుతాను.